మూడుసార్లు ఆయ్

రాజోలు,
ఏప్రిల్ 4

రాహేలు వదినగారికి,

మీ మరదలు హేమ వందనాలు. క్రిస్మస్‌కి మేం ఫోన్ చేస్తే మీరు "ఈ ఫోన్లో ఏమీ వినపడదు, చెప్పేదేదో ఉత్తరం రాయండి" అని పెట్టేశారు. మీ తమ్ముడుగారు నొచ్చుకోలేదు సరికదా, ముచ్చటపడ్డారు. పోస్టాఫీసు కౌంటర్ దగ్గర ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్నారు కదా, ఉత్తరం రాయమన్న మనిషిని చూసి చాలాకాలమైందట. ఆయన తెచ్చిచ్చిన కాగితాల మీద ఆయన ఎదురుగానే రాస్తున్నాను. మరి ఆయనే రాయొచ్చుగా అంటారేమో. ఆయనకి మాటలు తక్కువ, అక్షరాలు ఇంకా తక్కువ.

సంగతేమిటంటే, ఈ వేసవి సెలవుల్లో మేం ముగ్గురం మీ ఊరు వద్దామనుకుంటున్నాం. మీ తమ్ముడుగారు, నేను, మా అమ్మాయి సుప్రియ. సుప్రియ డిగ్రీ పరీక్షలు ఈ నెలాఖరుకి అయిపోతాయి. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి మ్యాపు మీద కర్రపెట్టి హుగ్లీ నది చూపిస్తున్నాను, నేను మాత్రం విశాఖపట్నం దాటి ఎరగను. ఖరగ్‌పూర్‌లో మిమ్మల్ని చూసి, అక్కణ్ణించి కలకత్తా చూసి రావాలని మా కోరిక.

మీ నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో పని దొరికి అంత దూరం వెళ్ళిపోయిన కథ మా మామగారు చెప్పగా విన్నాను. ఇప్పుడు ఆ అన్నదమ్ములిద్దరూ లేరు. మిగిలిన చుట్టరికం మీరూ మీ తమ్ముడుగారే. మిమ్మల్ని నేను చూసింది మా పెళ్ళిలో ఒక్కసారి, ఇరవై మూడేళ్ళ కిందట. ఆరోజు మీరు చర్చిలో మొదటి బెంచీ మీద కూర్చుని పాటల కాగితంలో అచ్చుతప్పులు దిద్దుతున్నారు. అది మాత్రం బాగా గుర్తుంది.

ఇక్కణ్ణించి ఏం తేవాలో మొహమాటపడకుండా రాయండి.

మీ
హేమ


ఖరగ్‌పూర్,
ఏప్రిల్ 15

మరదలు హేమకి,

రండి. ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతావి రాస్తున్నాను. ఇంటికి పిలిచేటప్పుడు మొదటి మాట అదే ఉండాలని నా పిల్లలకి ముప్ఫై నాలుగేళ్ళు చెప్పాను. నా పిల్లలంటే ఇక్కడి తెలుగు బడి పిల్లలు. ఆరేళ్ళ కిందట రిటైరయ్యాను. నీ ఉత్తరంలో తప్పులు రెండే ఉన్నాయి. సోషల్ టీచరుకి అది మంచి మార్కే.

మొహమాటం నాకు లేదు, కాబట్టి జాబితా ఇదిగో. ఆత్రేయపురం పూతరేకులు, బెల్లంవి. పంచదారవి తెస్తే వెనక్కి పంపుతాను. లేత పనసకాయ ఒకటి. ఇక్కడ దొరక్క కాదు. ఇక్కడివాళ్ళు దాన్ని ముక్కలు కోసి వండుతారు, పొట్టు కొట్టడం ఒక్కరికీ రాదు. నువ్వు కొడితే చూడాలని ఉంది. మూడోది, తెలుగు. ఎక్కువ తీసుకురండి. ఈ వీధిలో ఒకప్పుడు పదకొండు తెలుగు కుటుంబాలు ఉండేవి. ఒక్కొక్కరే రిటైరై ఊళ్ళకి పోయారు. ఇప్పుడు తెలుగులో పోట్లాడదామన్నా మనిషి లేడు. పక్కింట్లో బౌదీ ఉంది. బౌదీ అంటే బెంగాలీలో వదిన. ఆవిడ వీధి మొత్తానికి వదినే. చాలా మంచిది, అందుకే ఆవిడతో పోట్లాట కుదరదు.

ఖరగ్‌పూర్‌లో నాలుగు రోజులు, కలకత్తాలో మూడు. నేను కూడా వస్తాను. ఎక్కడ ఏం చూడాలో, ఏది చూడక్కర్లేదో నేను చెప్తాను. స్టేషన్లో ప్లాట్‌ఫారం చాలా పొడవు, దిగిన చోటే నిలబడండి. నేనే వెతుక్కుంటూ వస్తాను.

రాహేలు


రాజోలు,
మే 24

వదినగారికి,

క్షేమంగా చేరాం. రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయింది. సుప్రియ బడలిక కూడా తీర్చుకోకుండా వీధిలో అందరికీ ట్రాము గురించి చెప్తోంది. మీ తమ్ముడుగారు కిటికీ పక్కన సీటు దొరికాక ఇంక దిగనని కూర్చోవడం, చివరిదాకా వెళ్ళి మళ్ళీ అదే ట్రాములో వెనక్కి రావడం, అన్నీ చెప్పేసింది.

హుగ్లీ ఒడ్డున నిలబడి "ఇంతేనా, మా వశిష్ఠ గోదావరి దీనికేం తక్కువ" అని నేనంటే, మీరు "నదులకి మార్కులు వెయ్యకు హేమా" అన్నారు. ఆరోజు నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. నా ఉప్మాలో ఉప్పు, నా చీర కుచ్చిళ్ళు, నా ళకారం, వారం రోజుల్లో మీరు దిద్దని వస్తువు మా దగ్గర లేదు. మీ దగ్గర చదువుకున్న పిల్లలు అదృష్టవంతులు అనుకుంటున్నాను.

బౌదీగారి ఇలిష్ చేప కూర మాత్రం మరిచిపోలేను. అది మన పులసే అని మీరు చెప్పేదాకా నాకు తెలియలేదు. మేం పనసపొట్టులో పెట్టే ఆవ వాళ్ళు చేపలో పెడతారని ఎవరనుకుంటారు. మొన్న ఇక్కడ కొర్రమేనుకి ఆవపెట్టి చూశాను. మీ తమ్ముడుగారు తిన్నారు. బావుందనలేదు, బాగోలేదనీ అనలేదు.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. బౌదీగారి పిల్లి ఎవరి దగ్గరికీ రానిది, మీ తమ్ముడుగారి కాళ్ళని వదల్లేదు. ఆయన ఫోన్లో ఎవరితోనో "ఆయ్, ఆయ్" అంటున్నారో లేదో, ఎక్కణ్ణించో పరుగెత్తుకొచ్చేది. బౌదీగారూ మీరూ పొట్ట పట్టుకుని నవ్వారు గానీ కారణం చెప్పలేదు. ఈసారి రాయండి.

మీ పెద్ద మనసుకి మా ముగ్గురి వందనాలు.

హేమ


ఖరగ్‌పూర్,
జూన్ 10

హేమకి,

ముందు పిల్లి సంగతి. బెంగాలీలో "ఆయ్" అంటే "రా" అని. చనువున్న వాళ్ళనీ, పిల్లలనీ, పిల్లుల్నీ అలా పిలుస్తారు. పెద్దవాళ్ళనైతే "ఆషున్" అనాలి. మా తమ్ముడు మీ పోస్టాఫీసు మర్యాద కొద్దీ ఫోన్లో ఆయ్ ఆయ్ అంటుంటే, అది తననే పిలుస్తున్నాడనుకుంది పాపం.

ఇక అసలు సంగతి. తమ్ముడు నీతో చెప్పే ఉంటాడు. మీరు బయల్దేరిన రోజు పొద్దున, నువ్వూ సుప్రియా పెట్టెలు సర్దుకుంటుంటే మేమిద్దరం వరండాలో టీ తాగుతున్నాం. "సాలమోనూ, నేను ఇక్కడ చాలించి మీ ఊరు వచ్చేద్దామనుకుంటున్నాను" అన్నాను. "ఆయ్" అన్నాడు. నేను ఏ మాటైనా మూడుసార్లు అడుగుతాను, బడిలో అలవాటు. "మీ పడమటి గది నాకు సరిపోతుంది, ఇంకేం వద్దు" అన్నాను. "ఆయ్" అన్నాడు. "దసరా పూజల ముందే వచ్చేస్తాను" అన్నాను. దానికీ "ఆయ్" అన్నాడు. గోదావరి తెలుగులో అంటే అవునని, బెంగాలీలో అంటే రమ్మని. ఏ భాషలో విన్నా అది పిలుపే కదా. అరవై నాలుగేళ్ళలో నన్ను చనువుగా రమ్మన్నవాళ్ళు తక్కువ. ఆరోజు నా టీ చల్లారిపోయింది, తాగలేకపోయాను.

ఇంటివాళ్ళకి సెప్టెంబరు ఆఖరుకి ఖాళీ చేస్తానని చెప్పేశాను. వాళ్ళకి కొత్త అద్దెవాళ్ళు కూడా కుదిరారు. మంచం, బీరువా బౌదీకి ఇచ్చేశాను. హార్మోనియం చర్చికి. పుస్తకాలు మాత్రం ఇవ్వను, ఎనిమిది పెట్టెలు అవుతాయి. పడమటి గదిలో గోడకి అల్మారా ఉందో లేదో రాయి.

నీ ఉప్మా గురించి ఇంక ఏమీ అనను. ప్రయత్నిస్తాను.

రాహేలు


రాజోలు,
జూన్ 28

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, బడులు తెరిచారు కదా, కొత్త పుస్తకాలు, కొత్త రిజిస్టర్లు, ఊపిరాడడం లేదు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వానలంటే కలకత్తా వానలు కావు. కొబ్బరితోటల్లో నీళ్ళు నిలిచిపోయి, ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి పుస్తకాల దాకా అన్నీ చెమ్మగిల్లిపోతాయి. నిరుడు సుప్రియ సర్టిఫికెట్లకి బూజు పట్టింది. ఎనిమిది పెట్టెల పుస్తకాలంటే నాకు వాటి మీదే బెంగ. దోమలు సరేసరి. ఆగస్టులో లంకల్లోకి వరద వస్తే మా వీధి చివరిదాకా నీళ్ళే. పెద్ద ఆసుపత్రి కావాలంటే అమలాపురమో కాకినాడో పోవాలి. అక్కడ మీకు రైల్వే ఆసుపత్రి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

పడమటి గదిలో అల్మారా ఉంది. ఆ గదిలో ఇప్పుడు సుప్రియ సాయంత్రాలు ట్యూషన్ చెప్తోంది, ఇరవై మంది దాకా పిల్లలు వస్తున్నారు. వాళ్ళ గోల వీధి చివరికి వినపడుతుంది. మీకు ప్రశాంతత అలవాటు.

మీ తమ్ముడుగారు కులాసా. బౌదీగారిని అడిగామని చెప్పండి. అన్నేళ్ళ స్నేహం వదులుకోవడం ఎంత కష్టమో నేను ఊహించగలను. తొందరపడి మంచం ఇచ్చేశారేమో అనిపించింది.

ఉంటాను.

హేమ


ఖరగ్‌పూర్,
జూలై 9

హేమకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బూజు ఉంది, దోమలు ఉన్నాయి, వరద ఉంది, ఆసుపత్రి ఉంది. "రండి" అన్న మాట లేదు. "రావద్దు" అన్న మాట కూడా లేదు. పరీక్షలో జవాబు తెలియని పిల్లలు ఇలాగే పేజీ నింపుతారు. వాళ్ళకి నేను సున్నా వెయ్యను, పక్కకి పిలిచి అడుగుతాను. నిన్నూ అడుగుతున్నాను.

ఏం జరిగింది? మనసు మార్చుకున్నది నువ్వా, తమ్ముడా? ఇద్దరూనా? ఏదైనా నాకు చెప్పొచ్చు. పొట్టు కొట్టినంత సూటిగా చెప్పు. పనసకాయ మీద నీ కత్తి పడుతుంటే చూశాను, నీకు భయం లేదు.

రాహేలు


రాజోలు,
జూలై 22

వదినగారికి,

మీరు సున్నా వేసినా బావుండేది. నిజం రాస్తున్నాను.

మీ జూన్ ఉత్తరం వచ్చేదాకా నాకు ఈ సంగతి తెలియనే తెలియదు. చదివాక ఆ సాయంత్రం మీ తమ్ముడుగారు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే అడిగాను.

"ఏవండీ, వరండాలో అక్కగారితో ఏం మాట్లాడేరు?"

"నేనేం మాట్లాడేను? ఆవిడే మాట్లాడేరు."

"మీరేమన్నారు?"

"ఆయ్ అన్నాను."

"అంటే?"

"అంటే వింటన్నానని."

అదీ జరిగింది. వదినగారూ, మీరు పుస్తకాల్లో చదివిన ఆయ్ వేరు, మా ఊళ్ళో ఆయ్ వేరు. అవునని కూడా అంటాం, కాదనను. కానీ ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఊరుకుంటే మర్యాద కాదని అనే ఆయ్ ఇంకోటుంది. అది ఊ కొట్టడం. ముప్ఫై ఏళ్ళు కౌంటర్ వెనకాల కూర్చున్న మనిషికి అది ఊపిరి లాంటిది. మనియార్డరు రాలేదని తిట్టే వాళ్ళకీ ఆయ్, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని స్వీటు పెట్టే వాళ్ళకీ ఆయ్. కిందటేడు మా చర్చి పెద్ద అప్పారావుగారు కౌంటర్ దగ్గరికొచ్చి "కమిటీ కార్యదర్శిగా మీరుంటే బావుంటాదండీ" అంటే ఈయన ఆయ్ అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పేరు చదివితే, ఎవరా సాలమోను అని వెనక్కి తిరిగి చూశారు.

అసలు మా నాన్న "మా అమ్మాయిని చేసుకుంటారా బాబూ" అనడిగినప్పుడు కూడా ఈయన అన్నది ఆయ్ ఒక్కటే. ఇరవై మూడేళ్ళుగా నేను ఆ ఆయ్ మీదే కాపురం చేస్తున్నాను. అది ఏ రకం ఆయ్ అని అడగడానికి నాకు ఇంతవరకూ ధైర్యం చాల్లేదు.

కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. ఒక మాటకి రెండు ఊళ్ళలో రెండు అర్థాలు ఉండడం వల్ల వచ్చిన పొరపాటు. మీరు ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశారు, అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇంటివాళ్ళని మళ్ళీ అడిగి చూడకూడదా?

మన్నించండి.

హేమ


ఖరగ్‌పూర్,
ఆగస్టు 3

హేమకి,

బాగా రాశావు. ఒక్క తప్పు కూడా లేదు.

ఇంటివాళ్ళని అడగలేదు, అడగను. కొత్తవాళ్ళు పిల్లల్ని ఇక్కడి బడిలో వేసేశారు. రిటైరైన టీచర్లు ఉండే హాస్టలొకటి మేదినీపూర్‌లో ఉంది. పేరు రాయించాను. శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయి. అక్కడ తెలుగువాళ్ళు లేరు. ఫరవాలేదు, కొన్నాళ్ళకి నాకు ఏ భాషైనా ఒకటే.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. పాడైంది ఫోను కాదు. నా కుడిచెవి నాలుగేళ్ళ కిందటే పోయింది. ఎడమచెవి తగ్గుతూ వస్తోంది. మిషను పెట్టుకుంటే మాటల కన్నా గరగర ఎక్కువ. ఇంకో రెండేళ్ళు పనిచేస్తే గొప్ప అని డాక్టరు చెప్పాడు. మీరున్న వారం రోజులూ నేను మీ పెదవులు చూసి సగం, ఊహించి సగం జవాబిచ్చాను. మీరు మాట్లాడుకుంటుంటే నేను దిద్దుతూ కూర్చున్నానంటావు చూడు, దిద్దే మనిషిని ఎవరూ ప్రశ్న అడగరు. అదొక ఉపాయం, చాలాకాలంగా వాడుతున్నాను.

ఆ రెండేళ్ళూ నా చుట్టూ తెలుగు వినపడాలనుకున్నాను. తెలుగు చెప్పి బతికినదాన్ని, ఆఖరికి చెవిలో పడేది కూడా అదే అయితే బావుంటుందనుకున్నాను. అంతకన్నా ఇంకేమీ లేదు. ఇరవై మంది పిల్లల గోల ఉంటుందని నువ్వు భయపెట్టావు. ఆ ఒక్క వాక్యమే నాకు నీ ఉత్తరంలో ఆశగా కనిపించింది.

ఆరోజు వరండాలో తమ్ముడు నా ఎడమ వైపు కూర్చున్నాడు. మీ అందరి మాటల్లోనూ నేను ఊహించుకోనక్కర్లేకుండా స్పష్టంగా వినపడ్డ మాట ఆ ఆయ్ ఒక్కటే. అందుకే అంత సంబరపడ్డాను. అర్థం తప్పు తీసుకున్నాను, సరే. వినడం మాత్రం సరిగ్గానే విన్నాను.

తమ్ముణ్ణి ఏమీ అనకు.

రాహేలు


రాజోలు,
ఆగస్టు 12

వదినా,

గారు తీసేశాను. దిద్దుకోవాలంటే దిద్దుకోండి.

మీ ఉత్తరం మీ తమ్ముడుగారికి పైకి చదివి వినిపించాను. చెవి సంగతి దగ్గర నేను ఆగిపోతే, సుప్రియ ఉత్తరం తీసుకుని మిగతాది చదివింది. ఆయన ఆయ్ కూడా అనలేదు. లేచి పడమటి గదిలోకి వెళ్ళి, ట్యూషన్ బెంచీలు ఒక్కొక్కటీ వరండాలోకి మొయ్యడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నేను దాచింది చెప్పాలి. జూలైలో మీకు రాసిన ఉత్తరంలో మా ఇద్దరి మాటలూ రాశాను కదా, అక్కడితో ఆపేశాను. ఆ తర్వాత ఆయన అన్న మాట రాయలేదు. "వింటన్నాననే అన్నాననుకో, ఆవిడ రమ్మన్నట్టు వినేరు కదా. రమ్మని రాసెయ్ హేమా" అన్నారు. జూన్‌లోనే అన్నారు. రాయనిది నేను. బూజూ దోమలూ నావి. తప్పు ఎవరిదీ కాదని రాశాను చూడండి, అది శుద్ధ అబద్ధం. నాకు భయం వేసింది. బడిలో రోజంతా హెడ్మాస్టరుగారు దిద్దుతారు, ఇంటికొస్తే ఉప్మా దిద్దడానికి మీరుంటారు, ఇంక నేనెక్కడ ఉండాలి అనిపించింది. మీరెందుకు దిద్దుతారో నాకు తెలియదు కదా. తెలిస్తే నా ళకారం మీద ఒట్టు, ఇంకో పది తప్పులు కావాలనే చేసేదాన్ని.

బెంచీలు మొయ్యడం అయ్యాక ఆయన చెమట తుడుచుకుంటుంటే, ఇరవై మూడేళ్ళ ధైర్యం కూడగట్టుకుని అడిగాను.

"మా నాన్న అడిగినప్పుడు కూడా వింటన్నాననేనా అన్నారు?"

"ఆయ్."

"మరి చేసుకున్నారేం?"

ఆయన నావైపు వింతగా చూశారు. "విన్నాను కదా. విన్నాక వదిలేస్తామేంటి?" అన్నారు.

వదినా, నేను సోషల్ టీచర్ని, నాకు మాటల అర్థాలు మీకు తెలిసినంత తెలియవు. కానీ నా కాపురం నిలబడ్డది అవునన్న మాట మీద కాదు, విన్నానన్న మాట మీద అని ఆ క్షణంలో తెలిసింది. అవునన్నవాళ్ళు తర్వాత కాదనొచ్చు. విన్నవాళ్ళు విననట్టు ఉండలేరు. మీ మాట ఆయన మూడుసార్లు విన్నారు. నేను ఒక్కసారి చదివాను, నాకు అదే చాలు.

పడమటి గదికి సున్నం వేయిస్తున్నాం. అల్మారాకి అడుగున రేకు కొట్టించి, పెట్టెలు చెమ్మ తగలకుండా ఎత్తున పెడతాం. ట్యూషన్ మీ కిటికీకి ఆనుకునే వరండాలో జరుగుతుంది, సుప్రియకి చెప్పేశాను. పిల్లల్ని గట్టిగా చదవమంది. ఎక్కాలూ, పద్యాలూ, పోట్లాటలూ అన్నీ మీ కిటికీ కిందే. భోజనాల బల్ల దగ్గర మేమందరం మీ ఎడమ పక్కకే సర్దుకుంటాం, ఇరుకైనా సరే. హాస్టలు వాళ్ళకి రాసి పేరు కొట్టేయించండి.

పెద్దవాళ్ళని అలా పిలవకూడదని మీరే రాశారు. అయినా పిలుస్తున్నాను, ఆయన మాట కాదిది, నాది.

ఆయ్.

మీ
హేమ


ఖరగ్‌పూర్,
ఆగస్టు 24

హేమకి,

"వదినా" అన్నది దిద్దలేదు. అది సరిగ్గానే ఉంది.

హాస్టలుకి రాశాను. సెప్టెంబరు ఇరవై ఆరున ఇక్కడ ఎక్కుతున్నాను. ఇరవై ఏడు పొద్దున రాజమండ్రి. పుస్తకాల పెట్టెలు ఎనిమిది కాదు, పదకొండు అయ్యాయి. ముందే పార్సిల్ వేశాను, మా తమ్ముడు పోస్టాఫీసు మనిషి కాబట్టి వాటి కోసం ఎవరితో తగువు పెట్టుకోవాలో అతనికి తెలుస్తుంది. హార్మోనియం చర్చివాళ్ళని తిరిగి అడిగితే బావుండదు. బౌదీ ఏడుస్తోంది. ఆవిడ నాకు ఆవ నూరే రాయి ఇచ్చింది, బరువుగా ఉంది, అయినా తెస్తున్నాను. వచ్చే వరదకి పులస దొరికితే ఒకసారి నీ పులుసు, ఒకసారి ఆవిడ ఆవ. మార్కులు వెయ్యను.

ముందే చెప్తున్నాను, ఉప్మా దిద్దుతాను. ఇంక దాచుకోవడానికేం లేదు కాబట్టి ఉపాయంగా కాదు, నిజంగానే ఉప్పు ఎక్కువైతే దిద్దుతాను. నువ్వు తిరిగి పోట్లాడాలి. ఎడమ వైపు నిలబడి, గట్టిగా. ఆ ఇరవై మంది పిల్లల్లో పద్యం తప్పు చదివేవాళ్ళని నా గదిలోకి పంపమని సుప్రియకి చెప్పు.

మూడు నెలలు చూద్దాం. ఆ తర్వాత నువ్వు ఉండమంటే నేను ఏమంటానో నీకు తెలుసు. ఏ భాషలో అన్నానో నువ్వే తేల్చుకోవాలి.

స్టేషన్లో హడావుడిలో నాకు ఏమీ వినపడదు. ప్రయాణం ఎలా జరిగింది, టిఫిన్ తిన్నారా, అవేమీ తమ్ముణ్ణి అడగొద్దని చెప్పు. నేను దిగిన చోటే నిలబడి ఉంటాను. అతను వచ్చి, నా ఎడమ చెవి దగ్గర ఆ మాట ఒక్కసారి అంటే చాలు. ఈసారి అర్థం అడగను.

రాహేలు